బొమ్మ ముందా, కవిత ముందా? పదకొండో తరగతి ఇంగ్లీషు క్లాసు గురించి

సుద్దముక్క (చెన్నై) | శనివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. ఈ టర్మ్‌లో కొత్తగా ఒక పని మొదలుపెట్టాను. దాని గురించి మీ అభిప్రాయాలు కావాలి. టీచర్లే కాదు, బొమ్మలు వేసేవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు కూడా చెప్పండి.

ఒక పెయింటింగ్, దానికి జతగా ఒక కవిత. పీరియడ్ నలభై నిమిషాలే కాబట్టి క్లాసులో మాటలు వేడెక్కేసరికి బెల్లు కొట్టేస్తారు. మిగిలింది సాయంత్రం గూగుల్ క్లాస్‌రూమ్‌లో రాస్తారు. మొదట పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మ పెట్టాను, గ్రీకు పురాణంలోని ఇకారస్ అనే కుర్రవాడు సముద్రంలో పడిపోయే బొమ్మ. పేరు చెప్పలేదు, కథ చెప్పలేదు, కవిత ఇవ్వలేదు. మూడు ప్రశ్నలే అడిగాను. ఇందులో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? ఈ ప్రశ్నలు ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే ఇద్దరు తయారుచేసిన పద్ధతిలోవి. మ్యూజియంలలో పిల్లలకు బొమ్మలు చూపించడానికి వాడతారు.

మొదట్లో అందరూ ఒకటే రాశారు: రైతు దున్నుతున్నాడు, గొర్రెలున్నాయి, సముద్రం బాగుంది. రాత్రి పదింటికి ఒకబ్బాయి రాశాడు, కుడివైపు కింద ఓడ దగ్గర నీళ్లలో రెండు కాళ్లున్నాయి, ఎవరో మునిగిపోతుంటే ఒక్కళ్లూ చూడట్లేదేంటి అని. అంతే, క్లాసు క్లాసంతా మళ్లీ బొమ్మ తెరిచింది. మర్నాడు ఇంగ్లీషు కవి ఆడెన్ ఇదే బొమ్మ గురించి 1938లో రాసిన కవిత ఇచ్చాను. పక్కవాడి కష్టం పక్కన మనం అన్నం తింటూ, కిటికీ తెరుస్తూ ఎలా ఉండిపోతామో అన్నదే ఆ కవిత. ఆ ప్రశ్న పిల్లలే ముందు అడిగేశారు కాబట్టి నేను వివరించాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన దీనికి బోర్డు పరీక్షలో ఎన్ని మార్కులని అడిగారు. కొన్ని జవాబులు ఏఐ చేత రాయించినవని చూడగానే తెలిసిపోతోంది. ఇంకో సందేహం, ముందు బొమ్మ ఇవ్వడమే సరైనదా? తర్వాత ఏ బొమ్మ తీసుకుంటే బాగుంటుంది?

మైలాపూర్ మేష్టారు (చెన్నై) | శనివారం రాత్రి 10.05

ముందు బొమ్మే ఇవ్వండమ్మా. కవిత ముందు ఇస్తే పిల్లలు బొమ్మలో కవితనే వెతుక్కుంటారు, తమ కళ్లతో చూడరు.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ బొమ్మ గురించి మీ పిల్లలకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. కథకు మూలం రోమన్ కవి ఓవిడ్ రాసిన మెటమార్ఫొసెస్, ఎనిమిదో భాగం. డెడలస్, అతని కొడుకు ఇకారస్ మైనంతో అతికించిన రెక్కలు కట్టుకుని క్రీటు దీవి నుంచి ఎగిరి పారిపోతారు. కింద ముగ్గురు వాళ్లను చూస్తారు. గాలం వేసేవాడొకడు, కర్రకు ఆనుకున్న గొర్రెల కాపరి ఒకడు, నాగలి మీద వాలిన రైతు ఒకడు. ముగ్గురూ నిర్ఘాంతపోతారు. ఆకాశంలో పోతున్నది దేవుళ్లే అనుకుంటారు. ఆ తర్వాత ఇకారస్ సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి, మైనం కరిగి సముద్రంలో పడిపోతాడు.

బ్రూగెల్ ఆ ముగ్గుర్నీ బొమ్మలో అలాగే నిలబెట్టాడు. వాళ్ల చూపు మాత్రం తిప్పేశాడు. రైతు చూపు చాలు మీద ఉంది. కాపరి తల ఎత్తాడు గానీ పిల్లవాడు పడ్డ వైపు కాదు. గాలం వేసేవాడికి ఆ కాళ్లు దగ్గరలోనే ఉన్నాయి, అయినా అతను తన పనిలోనే ఉన్నాడు. ఓవిడ్‌లోని ఆ కొద్ది పంక్తులు ఇంగ్లీషు అనువాదంలో ఇచ్చి, ఏం మారిందో పిల్లల్నే పట్టుకోమనండి. కవి చెప్పిన కథను చిత్రకారుడు తలకిందులు చేశాడు. ఆ తలకిందులు చేసినదాని మీద దాదాపు నాలుగొందల ఏళ్ల తర్వాత ఇంకో కవి రాశాడు. సాహిత్యం, చిత్రకళ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు.

గాలం వేసేవాడి దగ్గర కొమ్మ మీద ఒక కౌజు పిట్ట కూడా ఉంది. అదీ ఓవిడ్‌ నుంచి వచ్చిందే. డెడలస్ అసూయతో తన మేనల్లుణ్ని ఎత్తు నుంచి తోసేస్తే ఆ కుర్రవాడు పిట్టగా మారాడని కథ. ఎవరైనా పిల్లలు ఆ పిట్టను కనిపెడితే అప్పుడు ఈ కథ చెప్పండి, ముందే చెప్పొద్దు.

వైట్‌ఫీల్డ్ నాన్న (బెంగళూరు) | ఆదివారం ఉదయం 7.45

నేను టీచర్ని కాదు, పదో తరగతి అమ్మాయి తండ్రిని. మీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది. అయినా నాకున్న టెన్షన్ చెప్పాలి.

పిల్లలు ఇప్పటికే రోజంతా స్క్రీన్ ముందే ఉంటున్నారు. ఇంగ్లీషు క్లాసు కూడా రాత్రి పదింటికి అక్కడే జరగాలా? రెండోది, రాసిన ప్రతి మాటా అలాగే ఉండిపోతుంది. పదహారేళ్ల పిల్ల ఒక కవిత చదివి తన ఇంటి సంగతి రాసిందనుకోండి, నలభై మంది చూస్తారు, ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది. వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. స్కూలు ఖాతాలో కాకుండా ఏ వాట్సాప్ గ్రూపులోనో ఇలాంటి చర్చ పెడితే నేను మా అమ్మాయిని పంపను.

మార్కుల గురించి అడిగిన ఆ తండ్రిని కూడా అర్థం చేసుకోండి. ఫీజు కట్టేవాడికి ఆ భయం ఉంటుంది.

గోదారిగట్టు (చెన్నై) | ఆదివారం మధ్యాహ్నం 12.30

బొమ్మలు వేసేవాణ్ని. రాజమండ్రి నుంచి వచ్చి పెరియమేడు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్నాను. ఇంగ్లీషు టీచర్లందరికీ ఒక విన్నపం.

బొమ్మను కథగా మాత్రమే చదవకండి. ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అన్నదగ్గరే చర్చ ఆగిపోతోంది. ఆ బొమ్మలో కళ్లు ముందు ఎక్కడికి పోతాయి? రైతు ఎర్ర చేతుల చొక్కా మీదికి. ఎందుకు? చుట్టూ అంతా ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు. ఆ ఒక్క ఎరుపే ముందుకొస్తుంది, పైగా మనిషిని మనకు దగ్గరగా, పెద్దగా వేశాడు. ఇకారస్ కాళ్లు వేలెడంత, అదీ నీళ్ల రంగులో దాదాపు కలిసిపోయి ఉన్నాయి. అంటే ఆ పిల్లాణ్ని చూడకుండా పోయింది రైతు ఒక్కడే కాదు. మనం కూడా చూడకుండా పోయేలా రంగులతో, కొలతలతో ఏర్పాటు చేశాడు. మీ అబ్బాయికి రాత్రి పదింటి దాకా ఆ కాళ్లు కనపడలేదంటే బొమ్మ దాని పని అది చేసిందన్నమాట. ఈ సంగతి పిల్లలకు తెలియాలి.

కాబట్టి రాయించే ముందు గీయించండి. పదిహేను నిమిషాలు, పెన్సిల్, తెల్లకాగితం. బాగా రావక్కర్లేదు. ఏది ఎక్కడుంది, ఏది ఎంతుంది అని గీస్తే చాలు. గీసినవాడు మాత్రమే చూసినవాడని నా నమ్మకం.

ఇంకొకటి. బ్రస్సెల్స్‌లో ఉన్న ఆ కాన్వాసు బ్రూగెల్ స్వహస్తంతో వేసిందా, ఆయన బొమ్మకు ఎవరో తీసిన నకలా అని పండితులకే సందేహం ఉంది. పిల్లలకు అది కూడా చెప్పండి. నకలైతే ఆడెన్ కవిత విలువ తగ్గుతుందా అని అడిగి చూడండి, వారం రోజులు కొట్టుకుంటారు.

సుద్దముక్క | ఆదివారం సాయంత్రం 6.10

మేష్టారూ, ఆ ముగ్గురి చూపు సంగతి చదివి చాలాసేపు అదే ఆలోచిస్తున్నాను. రేపే ఇస్తాను. గోదారిగట్టు గారూ, గీయించడం నాకు తట్టలేదు, ఈ వారమే చేయిస్తాను.

వైట్‌ఫీల్డ్ నాన్న గారూ, మీరు అన్న ప్రతి మాటా సబబే. అన్నీ స్కూలు ఖాతాల్లోనే, తల్లిదండ్రుల సంతకం తీసుకునే నడుస్తోంది. బయటివాళ్లకు కనపడదు. రాత్రి తొమ్మిది తర్వాత రాయొద్దనే నియమం ఇవాళ్టి నుంచి పెడతాను.

మార్కుల సంగతికి వస్తే, హార్న్‌బిల్ పుస్తకంలో షర్లీ టౌల్సన్ రాసిన ‘ఎ ఫొటోగ్రాఫ్’ ఉంది కదా, అది పదకొండో తరగతి పాఠమే. అమ్మ పన్నెండేళ్ల వయసులో సముద్రం ఒడ్డున దిగిన ఫొటో, ఆ అమ్మ ఇప్పుడు లేదు. బొమ్మను చూస్తూ రాసిన కవితే అది. పన్నెండో తరగతి ఫ్లెమింగోలో ఏడ్రియన్ రిచ్ ‘ఆంట్ జెన్నిఫర్స్ టైగర్స్’ కూడా అంతే. భయంతో బతికిన ఒక ఇల్లాలు ఊలుతో కుట్టిన పులుల బొమ్మ గురించిన కవిత. అంటే ఈ పని సిలబస్‌కు బయటిది కాదు, లోపలిదే. బొమ్మ చూడ్డం అలవాటైన పిల్లలు ఈ రెండు పాఠాల్లో గైడు చూడకుండా రాస్తున్నారు.

కాటుక (చెన్నై) | ఆదివారం రాత్రి 8.50

నేను ఇప్పుడు బీఏ చదువుతున్నాను. పదో తరగతి వరకు నెల్లూరు జిల్లాలో తెలుగు మీడియం. పదకొండుకు చెన్నై వచ్చాను. క్లాసులో ఒక్క మాట మాట్లాడాలన్నా ముందు మనసులో వాక్యం కట్టుకోవాలి, కట్టుకునేలోపు వేరేవాళ్లు చెప్పేసేవాళ్లు. టీచర్ నన్ను మందకొడి పిల్లనే అనుకున్నారు.

అప్పుడు ఒక మేడమ్ ఇలాగే సాయంత్రం రాయమనేవారు. రాయడానికి టైమ్ ఉంటుంది, డిక్షనరీ ఉంటుంది, కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. మెరీనాలో శ్రమ విజయం విగ్రహం ఉంది కదా, నలుగురు మనుషులు బండరాయి కదుపుతుంటారు, దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసింది, 1959 నుంచి అక్కడే ఉంది. దాని ఫొటో పెట్టి, పక్కన జర్మన్ కవి బ్రెహ్ట్ రాసిన పనివాడి ప్రశ్నల కవిత పెట్టారు. నగరాలు కట్టిన రాళ్లు రాజులే మోశారా అని అడిగే కవిత. మాకు తెలుగులో శ్రీశ్రీ దాదాపు అదే ప్రశ్న అడిగాడని, తాజ్‌మహల్ రాళ్లెత్తిన కూలీల గురించి రాశాడని నేను ఇంగ్లీషులో రాశాను. తమిళం పిల్లలు, మలయాళం పిల్లలు ఆ శ్రీశ్రీ ఎవరని వరసగా అడిగారు. మర్నాడు క్లాసులో నన్ను లేపి చెప్పించారు. అప్పటి నుంచి నేను మాట్లాడుతున్నాను.

అందుకే అంకుల్, మీ భయం నిజమే అయినా, రాతలో చర్చ మాత్రం ఆపమనకండి. నోరు గట్టిగా ఉన్నవాళ్లకు క్లాసు చాలు. నాలాంటి వాళ్లకు ఈ రెండో దారి కూడా కావాలి.

పలకాబలపం (బెంగళూరు) | సోమవారం సాయంత్రం 5.30

నేనూ ఇంగ్లీషు టీచర్నే, హైస్కూల్. ఏఐ గురించి నా అనుభవం చెబుతాను.

ఈ కవిత సారాంశం ఏమిటి అని అడిగినంత కాలం మెషీన్ జవాబులే వస్తాయి. ప్రశ్న మార్చాలి. బొమ్మను తొమ్మిది గళ్లుగా విడగొట్టి ఒక్కో జట్టుకు ఒక్కో గడి ఇస్తాను. నీ గడిలో ఉన్నదేంటో రాయి, పక్క గడివాడు రాసినదాంట్లో ఒక మాట పట్టుకుని దానికి జవాబు రాయి. నిన్న క్లాసులో ఫలానా అమ్మాయి అన్నదానితో నీకు ఎక్కడ పేచీ? ఇలాంటి ప్రశ్నకు జవాబు రాయాలంటే క్లాసులో ఉండి విని ఉండాలి. కాగితం మీద గీసిన స్కెచ్ ఫొటో కూడా తప్పనిసరిగా జత చేయమంటాను. గోదారిగట్టు గారు చెప్పిన పద్ధతి ఇక్కడ రెండు రకాలుగా పనికొస్తుంది.

‘ఎ ఫొటోగ్రాఫ్’ చెప్పేటప్పుడు ఇంట్లో పాత ఫొటో ఒకటి తీసుకుని రాయమంటాను. ఫొటో మాత్రం అప్‌లోడ్ చేయనివ్వను, మాటల్లోనే చూపించాలి. ఒకటి, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది, వైట్‌ఫీల్డ్ నాన్న గారి భయం తీరుతుంది. రెండోది ఇంకా ముఖ్యం, ఫొటో కనపడదు కాబట్టి ప్రతి మాటా కష్టపడి ఎంచుకోవాలి. ఒక పిల్ల తన అమ్మమ్మ పెళ్లి ఫొటోలో చేతులెక్కడ పెట్టుకుందో మాత్రమే అరపేజీ రాసింది. ఆ పేజీ నా దగ్గర దాచుకున్నాను.

తిరువాన్మియూర్ తెలుగు (చెన్నై) | సోమవారం రాత్రి 9.00

అంతా బాగుంది. మరి అన్నీ బ్రస్సెల్స్, లండన్ బొమ్మలేనా? చెన్నైకి వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీ గుడ్డ మీద రామాయణం గళ్లు గళ్లుగా గీసి, ఒక్కో ఘట్టం కింద తెలుగులో కథ రాస్తారు. బొమ్మా రాతా ఒకే గుడ్డ మీద ఉంటాయి. మన పిల్లలకు ఇది చూపించకుండా ఇకారస్ దగ్గర మొదలుపెట్టడం నాకు నచ్చలేదు.

మైలాపూర్ మేష్టారు | సోమవారం రాత్రి 9.40

తిరువాన్మియూర్ వారి మాట న్యాయంగా ఉంది. అయితే బ్రూగెల్‌ను వదలనక్కర్లేదు, పక్కన మన బొమ్మ పెడదాం. సరిగ్గా సరిపోయే జత ఎగ్మూరులోనే ఉంది.

ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్న గ్యాలరీకి వెళ్లండి. అందులో నాళగిరి పతకం అని గుండ్రటి ఫలకం ఒకటి ఉంది, పలనాటి సున్నపురాయి, ఇంచుమించు క్రీ.శ. రెండో శతాబ్దం. బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు రాజగృహ వీధిలో ఆయన మీదికి నాళగిరి అనే మదపుటేనుగును వదులుతాడు. ఫలకంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తోంది. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. వీధిలో జనం బెదిరి ఒకరినొకరు పట్టుకున్నారు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. బ్రూగెల్ బొమ్మలో ఒక ప్రాణం పోతుంటే ఎవరూ చూడటం లేదు. అమరావతి శిల్పి ఊరందరి చేతా చూపించాడు. ఎవరి లోకం మనకు దగ్గర? ఈ ప్రశ్న మీద పదకొండో తరగతి పిల్లలు రాసేది చదవాలని నాకు చాలా ఆశగా ఉంది.

పన్నెండో తరగతికి ఇంగ్లీషు కవి కీట్స్ పాఠం ఉంది కాబట్టి ఇదీ చెప్పండి. గ్రీకుల పార్థినాన్ గుడి శిల్పాలను ఎల్గిన్ అనే బ్రిటిష్ ప్రభువు లండన్‌కు తరలిస్తే, 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టింది. 1817లో కీట్స్ వాటిని చూసి సానెట్ రాశాడు, 1819లో గ్రీకు కలశం మీద కవిత రాశాడు. మన అమరావతి రాళ్లను 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు తెచ్చాడు. 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయాయి. వాటిని ఇలియట్ మార్బుల్స్ అనేవారు. ఎల్గిన్ రాళ్లకు కీట్స్ దొరికాడు, మన రాళ్లకు ఇంగ్లీషులో అలాంటి కవి దొరకలేదు. మీ పిల్లలు రాయొచ్చు కదా.

గోదారిగట్టు | సోమవారం రాత్రి 10.15

మేష్టారూ, చేతులెత్తి దణ్ణం. కాలేజీ రోజుల్లో ఆ ఫలకం ముందు కూర్చుని ఎన్నో సాయంత్రాలు గీసుకున్నాను.

ఒక మాట కలుపుతాను. 1766లో లెస్సింగ్ అనే జర్మన్ రచయిత, కవిత కాలంలో నడుస్తుంది, బొమ్మ ఒక్క క్షణాన్నే పట్టుకోగలదు అని వాదించాడు. కీట్స్ కలశం మీద ప్రేమికుడు ఎప్పటికీ ముద్దు పెట్టలేకపోవడం సరిగ్గా అదే. కానీ నాళగిరి ఫలకంలో ముందు, తర్వాత రెండూ ఒకే గుండ్రంలో ఉన్నాయి. లెస్సింగ్ సూత్రం మన శిల్పి దగ్గర చెల్లదు. ఫొటోలో చూస్తే ఆ రాతి లోతు తెలియదు. ఈ పాఠానికి మాత్రం స్క్రీన్ వద్దు, పిల్లల్ని తీసుకెళ్లండి.

సుద్దముక్క | మూడు వారాల తర్వాత, ఆదివారం

ఎగ్మూరు మ్యూజియంకు వెళ్లొచ్చాం. ఏం జరిగిందో చెబుదామని రాస్తున్నాను.

పిల్లలు నేలమీద కూర్చుని గీశారు. ఒకమ్మాయి లెక్కపెడుతూ, ఏనుగు ఒకటా రెండా అని గట్టిగా అడిగింది. గ్యాలరీలోనే వాదన మొదలైంది. సాయంత్రం ఆన్‌లైన్‌లో అదే కొనసాగింది, తొమ్మిదికి నేనే ఆపాను. ఒకబ్బాయి రాసింది నాకు బాగా గుర్తుంది: కిటికీలోంచి చూసేవాళ్లు కూడా ఏమీ చేయలేదు కదా, చూసినంత మాత్రాన బ్రూగెల్ రైతు కంటే వాళ్లు గొప్పవాళ్లెలా అవుతారు? ఇంకొకరు జవాబిచ్చారు, రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే ఫోన్లో వీడియో తీసేవాళ్లు ఆ కిటికీ మనుషులేనని. మూడోది ఒక నెమ్మదైన పిల్ల, క్లాసులో గొంతే వినపడదు. భయపడ్డం కూడా పట్టించుకోవడంలో భాగమే, రైతుకు ఆ భయం కూడా లేదు, అని రాసింది. తొంభై మార్కులు వచ్చేవాళ్లు దాని కింద ప్రశ్నలు వేశారు, అన్నిటికీ జవాబులిచ్చింది. కాటుకా, మీరు రాసింది గుర్తొచ్చింది.

కౌజు పిట్టను కూడా కనిపెట్టారు మేష్టారూ. కథ అప్పుడే చెప్పాను.

మార్కుల గురించి అడిగిన ఆ తండ్రి మ్యూజియంకు మాతో వచ్చారు. రెండు గంటలు ఉన్నారు. తర్వాతి ట్రిప్ ఎప్పుడో చెప్పమన్నారు.

వైట్‌ఫీల్డ్ నాన్న | అదే రోజు రాత్రి

చదివాను. నియమాలు పెట్టి నడిపిస్తున్నారు కాబట్టి నా అభ్యంతరం చాలావరకు తీరింది. స్క్రీన్ విషయంలో మాత్రం నా మాట అదే. అందుకే మా ఇంట్లో ఇంకోలా చేద్దామనుకుంటున్నాను. బెంగళూరు నుంచి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు. వీరభద్రస్వామి గుడి కప్పు మీద విజయనగరం కాలపు బొమ్మలున్నాయి, కిరాతార్జునీయం కూడా ఉంది. మా అమ్మాయిని, ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకెళ్తాను. అక్కడ పిల్లలు ఏం చూడాలి, ఇంగ్లీషులో ఏం రాయాలి? ఎవరైనా ప్రశ్నలిస్తే మేలు.

పలకాబలపం | అదే రోజు రాత్రి

కిరాతార్జునీయంలో అడవిపందిని చూడమనండి. శివుడు, అర్జునుడు ఇద్దరూ బాణం వేశామంటారు, పంది ఒక్కటే. పంది తరఫున ఒక పేజీ, అర్జునుడి తరఫున ఒక పేజీ రాయమనండి. మీరూ ఒక పేజీ రాయండి సార్, శివుడి తరఫున. పిల్లలు రాసేటప్పుడు పెద్దవాళ్లు ఊరికే కూర్చుంటే అది పరీక్షలా ఉంటుంది.

గోదారిగట్టు | అదే రోజు రాత్రి

బొమ్మలు కప్పు మీద ఉంటాయి, మెడ నొప్పెడుతుంది. పిల్లల్ని పడుకుని చూడమనండి, గుడివాళ్లను ముందే అడగండి. ఉదయం పూట వెళ్తే వెలుతురు బాగుంటుంది. పెన్సిళ్లు, అట్ట, తెల్లకాగితాలు తప్పకుండా పట్టుకెళ్లండి.

తిరువాన్మియూర్ తెలుగు | సోమవారం ఉదయం

సుద్దముక్క గారూ, తర్వాతి ట్రిప్ శ్రీకాళహస్తికి పెట్టండి. కలంకారీ వేసేవాళ్లతో నేను మాట్లాడతాను. ఎంతమంది పిల్లలొస్తారో, ఏ శనివారమో చెబితే చాలు.